కొండగొర్రెల నెమ్ము

జూన్ నెలలో ఒక కొండగొర్రె పిల్ల దగ్గడం మొదలుపెట్టిందంటే, ఆ మందను ఏళ్ల తరబడి చూస్తున్నవాళ్లు ఇక ఆ ఏటి పిల్లల మీద ఆశ వదులుకుంటారు. మొదట అది ఊరికే తల విదిలిస్తూ ఉంటుంది. ముక్కు తడిగా ఉంటుంది. తర్వాత చెవులు కిందికి వాలిపోతాయి. తోటి పిల్లలు బండల మీద గెంతుతుంటే ఇది తల్లి పక్కన పడుకునే ఉంటుంది. తల్లి లేచి కదిలితే నాలుగడుగులు వేసి నిలబడిపోతుంది, దగ్గుతుంది, మళ్లీ నడుస్తుంది. కొద్దిరోజులకే పక్కపిల్లకూ దగ్గు మొదలవుతుంది. వేసవి ముగిసేసరికి మంద మొత్తంలో ఒక్క పిల్ల కూడా మిగలని ఏళ్లున్నాయి. తల్లులకు మాత్రం పైకి ఏ జబ్బూ కనిపించదు. మామూలుగానే మేస్తాయి. మరుసటి ఏడు మళ్లీ ఈనుతాయి, మళ్లీ పిల్లల్ని పోగొట్టుకుంటాయి.

ఇది అమెరికా పడమటి కొండల్లో తిరిగే బిగ్‌హార్న్ గొర్రెల కథ. వాటిని దశాబ్దాలుగా పట్టి పీడిస్తున్నది నెమ్ము, అంటే న్యుమోనియా. నేను అనంతపురం జిల్లాలో పశువైద్యుడిగా పనిచేసి రిటైరయ్యాను. మా నాయన గొర్రెల కాపరి. కళ్యాణదుర్గం పక్కన మా ఊళ్లో మా అన్న కొడుకు ఇప్పటికీ మంద తోలుతున్నాడు. మా అమ్మాయి ఐడహో రాష్ట్రంలో లూయిస్టన్ అనే ఊళ్లో ఉంటుంది. వేసవిలో అక్కడికి వెళ్లినప్పుడల్లా నా కాలమంతా ఈ గొర్రెల వెనకే గడిచిపోతుంది. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ గొర్రెల ఊపిరితిత్తులు కోసి చూసినవాణ్ణి. ఇంత ఓపికగా, ఇంత మొండిగా మందను తినే నెమ్మును మాత్రం నేను మన దగ్గర చూడలేదు.

లూయిస్టన్ నుంచి నది దాటి అవతలి వాషింగ్టన్ రాష్ట్రంలోకి వెళ్లి, అసోటిన్ మీదుగా స్నేక్ నది వెంట దక్షిణానికి వెళ్తే రోడ్డుకు ఒక పక్క నీళ్లు, ఇంకో పక్క మెట్లు మెట్లుగా లేచిన నల్లటి బసాల్టు కొండలు. వేసవికి గడ్డంతా ఎండి పసుపుపచ్చగా పండిపోతుంది. ఆ రంగులోనే కలిసిపోయి ఉంటాయి గొర్రెలు. కదిలితే తప్ప కంటికి ఆనవు. పిరుదుల మీది తెల్లమచ్చ కనిపించాక, ఒకదాని తర్వాత ఒకటి బయటపడతాయి. బాగా ఎదిగిన పొట్టేలు 100 కిలోలు దాటుతుంది. కొమ్ములు వెనక్కి వంగి, చుట్ట తిరిగి, బుగ్గల పక్కగా ముందుకొస్తాయి. ఆ కొమ్ముల బరువే 14 కిలోల దాకా ఉండొచ్చు. ఆడగొర్రెవి చిన్నవి, కొడవలి వంపుతో ఉంటాయి. రెండు వారాల వయసు పిల్ల, మనిషి తాడు కట్టుకుని కూడా దిగలేని రాతిగోడ మీద తల్లి వెనకాలే పరుగెత్తుతుంది. తోడేలు నుంచి, కొండసింహం నుంచి తప్పించుకోవడానికి వాటికి ఉన్న కోట అదే. కానీ పక్కనున్న గొర్రె ముక్కులోంచి వచ్చే తుంపర ముందు ఆ కోట పనిచేయదు.

తెల్లవాళ్లు రాకముందు ఈ గొర్రెలు ఎన్ని ఉండేవో లెక్కలు రకరకాలుగా ఉన్నాయి గానీ, లక్షల్లో ఉండేవన్న మాట మీద ఎవరికీ పేచీ లేదు. షోషోనీ జాతిలో ఒక తెగకు గొర్రెలు తినేవాళ్లన్న పేరే ఉండేది. ఆ కొమ్ముల్ని వేడినీళ్లలో మెత్తబరిచి విల్లులు చేసేవాళ్లు. 19వ శతాబ్దం రెండో సగంలో తుపాకులొచ్చాయి, గనుల ఊళ్లు వచ్చాయి, వాటి వెనక లక్షల పెంపుడు గొర్రెలు ఆ కొండలెక్కాయి. అడవి గొర్రెలు మందలకు మందలు మాయమయ్యాయి. లూయిస్టన్‌కు దక్షిణాన ఉన్న హెల్స్ కాన్యన్‌ను ఉత్తర అమెరికాలోకెల్లా లోతైన నదీలోయ అని చెబుతారు. 1940ల నడిమికి అందులో ఒక్క బిగ్‌హార్న్ కూడా మిగల్లేదు. ఇప్పుడు అమెరికా, కెనడాలు రెండూ కలిపితే ఎనభై వేలకు అటూ ఇటూ ఉంటాయి. వేట మీద కట్టడి వచ్చింది, చాలాచోట్ల మేతభూములకు రక్షణ వచ్చింది. అయినా మందలు అనుకున్నంతగా ఎందుకు పెరగలేదంటే, ఎక్కువచోట్ల జవాబు నెమ్మే.

హెల్స్ కాన్యన్‌లోకి 1971 నుంచి వేరే ప్రాంతాల గొర్రెల్ని పట్టి తెచ్చి వదలడం మొదలుపెట్టారు. ఐడహో, ఆరెగన్, వాషింగ్టన్ మూడు రాష్ట్రాలూ ఇందులో చేయి వేశాయి. మందలు నిలదొక్కుకుంటున్నాయి అనుకుంటుండగా 1995 చలికాలం వచ్చింది. లూయిస్టన్ దగ్గరి కొండల్లో గొర్రెలు దగ్గుతూ కనిపించాయి. తరువాత శవాలు. ఆ ఒక్క చలికాలంలో సుమారు 300 గొర్రెలు చచ్చిపోయాయి. కనీసం కొన్నింటినైనా కాపాడదామని డెబ్బైకి పైగా గొర్రెల్ని హెలికాప్టర్లతో పట్టి ఐడహోలోని కాల్డ్‌వెల్ ప్రయోగశాలకు తీసుకుపోయి వైద్యం చేశారు. వాటిలో ఎక్కువ అక్కడే ప్రాణాలు విడిచాయి. తప్పిపోయి ఆ కొండల్లో తిరుగుతున్న పెంపుడు మేకలు కొన్ని ఆ గొర్రెలతో కలిసి మేయడం జనం చూశారు. ఒక మేకలోనూ, దాని దగ్గర దొరికిన గొర్రెల్లోనూ ఒకే రకం సూక్ష్మజీవి ఉన్నట్టు తర్వాత పరీక్షల్లో తేలింది.

ఈ సంగతులు చెబుతూ ఫోన్‌లో నేను తీసిన వీడియో ఒకటి మా అన్న కొడుక్కి పంపాను. రాత్రి ఫోన్ చేశాడు.

"ఇదేంది చిన్నాయనా, ఇంత దగ్గుకే చచ్చిపోతాయా? మన జీవాలు చలికాలం పొడుగునా దగ్గుతానే ఉంటాయి గదా."

"మనవాటికి ఆ పురుగు పాతది రా. వీటికి కొత్తది," అన్నాను.

"మనవాటిని ఏమీ చేయని పురుగు వాటినెందుకు చంపుతాది?"

సరిగ్గా ఆ ప్రశ్న చుట్టూనే ఇక్కడి పశువైద్యులు ముప్పై నలభై ఏళ్లు తిరిగారు.

మొదట్లో అందరి అనుమానం ఊపిరితిత్తుల నట్టల మీద ఉండేది. చచ్చిన గొర్రెను కోస్తే నట్టలు కనిపించేవి మరి. కొలరాడో రాష్ట్రంలో పులియబెట్టిన ఆపిల్ పిప్పిలో నట్టల మందు కలిపి కొండల మీద కుప్పలు పోసేవాళ్లు. గొర్రెలు ఆశగా వచ్చి తినేవి. ఒక్కో పశువును పట్టుకుని నోట్లో గొట్టం పెట్టి మందు తాగించిన నాకు ఆ ఉపాయం ఎంతో నచ్చింది. నట్టలు తగ్గాయి. ఒక మంద తర్వాత ఒక మంద కూలిపోవడం మాత్రం ఆగలేదు. చలి ఎక్కువైందనీ, మేత తగ్గిందనీ, మనుషుల సందడికి బెదిరిపోతున్నాయనీ ఇంకెన్నో కారణాలు వెతికారు.

అప్పటికే ఒక మాట కాపరుల్లోనూ వేటగాళ్లలోనూ తిరుగుతుండేది: పెంపుడు గొర్రెలు వచ్చిపోయిన కొండ మీద బిగ్‌హార్న్‌లు బతకవని. దాన్ని పరీక్షకు పెట్టింది వాషింగ్టన్ స్టేట్ యూనివర్సిటీ. అది లూయిస్టన్‌కు దగ్గర్లోనే, పుల్మన్ అనే ఊళ్లో ఉంది. విలియం ఫోరైట్ అనే పశువైద్య ఆచార్యుడు ఆరు బిగ్‌హార్న్‌లనూ ఆరు పెంపుడు గొర్రెలనూ ఒకే దొడ్డిలో ఉంచాడు. పెంపుడువి అన్నీ ఆరోగ్యంగా ఉన్నవే. నాలుగో రోజు నుంచి 71వ రోజు లోపల బిగ్‌హార్న్‌లు ఆరూ నెమ్ముతో చచ్చిపోయాయి. పెంపుడువాటికి ఏమీ కాలేదు. 1989లో ఈ ఫలితం అచ్చయింది. ఆ ఊపిరితిత్తుల్లో ప్రధానంగా కనిపించిన బాక్టీరియాకు అప్పట్లో పాశ్చురెల్లా హెమోలిటికా అని పేరు, ఇప్పుడు మాన్‌హైమియా హెమోలిటికా అంటున్నారు. మన పశువైద్యులకు కొత్త పేరేమీ కాదు. మన గొర్రెల్లోనూ, దూడల్లోనూ నెమ్ము తెచ్చేవాటిలో అదీ ఒకటి.

గొర్రెల రైతుల సంఘాలు దీన్ని ఒప్పుకోలేదు. ఆ పురుగు బిగ్‌హార్న్‌ల గొంతుల్లో ముందునుంచే ఉండొచ్చు కదా, మా గొర్రెల నుంచే వచ్చిందని రుజువేమిటి, అన్నారు. న్యాయమైన ప్రశ్నే అది. అదే విశ్వవిద్యాలయంలో సుబ్రమణియం శ్రీకుమారన్ బృందం 2010లో దానికి జవాబిచ్చింది. పెంపుడు గొర్రెల నుంచి తీసిన మాన్‌హైమియాలోకి ఆకుపచ్చగా మెరిసే ప్రొటీన్ జన్యువును చేర్చి, వాటినే మళ్లీ ఆ పెంపుడు గొర్రెల్లోకి ఎక్కించారు. మొదట బిగ్‌హార్న్‌లను దూరంగా ఉంచారు. తర్వాత కంచెకు అటూ ఇటూ ముక్కులు తగిలేంత దగ్గరగా ఉంచారు. చివరికి ఒకే దొడ్డిలో కలిపారు. కలిపిన కొద్దిరోజులకే బిగ్‌హార్న్‌లు చచ్చిపోయాయి. వాటి ఊపిరితిత్తుల్లోంచి తీసిన బాక్టీరియా ఆకుపచ్చగా మెరిసింది.

ఆ బృందమే ఇంకో సంగతి కూడా వివరించింది. మాన్‌హైమియా ఒక విషాన్ని వదులుతుంది. అది తెల్లరక్తకణాల్ని, అంటే పురుగును చంపడానికి పరుగెత్తుకొచ్చే సైన్యాన్నే చంపుతుంది. బిగ్‌హార్న్‌ల తెల్లకణాలు పెంపుడు గొర్రెలవాటి కంటే ఆ విషానికి చాలా సులువుగా చచ్చిపోతాయి. చచ్చిన కణాల్లోంచి కారిన రసాయనాలు చుట్టుపక్కల ఊపిరితిత్తిని కాల్చేస్తాయి.

అక్కడికి కథ అయిపోయిందనే చాలామంది అనుకున్నారు. కానీ కొండల్లో సహజంగా చచ్చిన గొర్రెల్ని కోసి చూస్తే లెక్క కుదరలేదు. ఒక మందలో మాన్‌హైమియా ఉంటే, ఇంకో మందలో పాశ్చురెల్లా మల్టొసిడా, మరో మందలో బిబర్‌స్టీనియా. ఒకే మందలో పక్కపక్కన చచ్చిన రెండు పిల్లల్లోనే వేరువేరు పురుగులు. ఒకటే జబ్బు ఇంత వేగంగా పాకుతుంటే హంతకుడు ఒక్కడై ఉండాలి కదా? అదే యూనివర్సిటీలోని టామ్ బెస్సర్, ఐడహో వన్యప్రాణి శాఖలో హెల్స్ కాన్యన్ గొర్రెల వెంటే జీవితం గడిపిన ఫ్రాన్సెస్ క్యాసిరర్ కలిసి మళ్లీ మొదటి నుంచి వెతికారు. జబ్బు మొదలైన తొలిరోజుల్లోనే పిల్లల ఊపిరితిత్తుల నమూనాలు తీసుకున్నారు. మామూలు పద్ధతిలో పెంచితే పెరగని పురుగులు ఏవైనా ఉన్నాయేమోనని జన్యుపరీక్షలు పెట్టారు. 2008లో పేరు బయటికొచ్చింది: మైకోప్లాస్మా ఓవిన్యుమోనియే.

మైకోప్లాస్మాలు బాక్టీరియాల్లోనే విచిత్రమైనవి. వాటికి కణకుడ్యం ఉండదు. అందుకే పెన్సిలిన్ లాంటి మందులు వాటి మీద పనిచేయవు, కుడ్యం కట్టుకోకుండా అడ్డుకోవడమే ఆ మందుల పని కాబట్టి. ప్రయోగశాలలో పెంచడం కష్టం, పెరిగినా నిదానంగా పెరుగుతాయి. ఈలోగా ఇతర బాక్టీరియాలు పళ్లెమంతా ఆక్రమించుకుంటాయి. ఇన్నేళ్లు కళ్లముందే ఉండి దొరక్కపోవడానికి కారణం అదే.

ఇది చేసే పని పైకి చూస్తే చాలా చిన్నది. శ్వాసనాళాల లోపలి గోడల మీద శైలికలని సన్నటి నూగు ఉంటుంది. అది ఎడతెగకుండా ఊగుతూ, మనం పీల్చిన దుమ్మునూ పురుగుల్నీ చీమిడితో పాటు పైకి, గొంతువైపుకు తోస్తుంటుంది. మైకోప్లాస్మా వచ్చి ఆ నూగును పట్టుకుంటుంది. ఊగడం మందగిస్తుంది. పైకి రావలసిన చెత్త కిందికి జారుతుంది. గొంతులో ఏ హానీ చేయకుండా ఎన్నాళ్లుగానో ఉన్న మాన్‌హైమియా, పాశ్చురెల్లాలు ఊపిరితిత్తుల అడుగుకు దిగిపోతాయి. ఊడ్చే మనిషి పని మానేసిన ఇంట్లో చెత్త పేరుకున్నట్టే అనుకోండి. చివరి దెబ్బ కొట్టేది ఏ పురుగైనా కావచ్చు. దానికి దారి తెరిచింది మాత్రం మైకోప్లాస్మా.

దీనికి మరో పక్క నుంచి కూడా రుజువు వచ్చింది. బెస్సర్ బృందం మైకోప్లాస్మా లేని పెంపుడు గొర్రెల్ని ఏరి, వాటితో నాలుగు బిగ్‌హార్న్‌లను కలిపి ఉంచింది. అంతకుముందు చేసిన అలాంటి ప్రయోగాల్లో దాదాపు అన్నీ చచ్చిపోయేవి. ఈసారి నాలుగింట్లో మూడు వంద రోజులు దాటినా ఆరోగ్యంగా నిలిచాయి. 2012లో వచ్చిన ఆ ఫలితం చదివినప్పుడు నాకు ఒళ్లు జలదరించింది. ఇన్ని దశాబ్దాలు, ఇన్ని వందల మందలు, తేడా అంతా ఒక్క పురుగు ఉందా లేదా అన్నదాంట్లో ఉంది.

మా అన్న కొడుకు ప్రశ్నకు జవాబు కాలంలో ఉంది. మనిషి గొర్రెను మచ్చిక చేసి పది వేల ఏళ్లు దాటింది. అప్పటి నుంచీ వాటి బతుకు దొడ్డిలో, ముక్కుకు ముక్కు తగిలించుకుని. ఆ ఇరుకులో ఈ పురుగు తరతరాలుగా తిరిగింది. తట్టుకోలేనివి పోయాయి, తట్టుకున్నవి ఈనాయి. అమెరికా పెంపుడు మందల్లో పదింట తొమ్మిదింటిలో ఇది ఉన్నట్టు 2011లో వాళ్ల వ్యవసాయ శాఖ చేసిన సర్వే చూపిస్తోంది. కాస్త దగ్గు, పిల్లల బరువులో కాస్త తగ్గుదల, అంతే. బిగ్‌హార్న్‌ల పూర్వీకులు ఆసియా నుంచి బేరింగ్ జలసంధి దగ్గరి నేల మీదుగా దాటివచ్చి, వేల తరాలు వేరుగా బతికాయి. కొండ మీద చిన్న చిన్న గుంపులుగా, విశాలంగా. ఈ పురుగుతో పోరాడే అవసరం వాటికి ఎప్పుడూ రాలేదు.

చచ్చిన పిల్ల ఊపిరితిత్తుల్ని దగ్గరగా చూసే అవకాశం నాకు ఒకసారి వచ్చింది. పుట్టిన ఒకటి రెండు రోజుల్లోనే కొన్ని పిల్లల మెడకు సాగే పట్టీతో రేడియో కాలర్ వేస్తారు. కొన్ని గంటలు కదలిక లేకపోతే దాని చప్పుడు మారుతుంది. వెంటనే పోవాలి, లేకపోతే కాయోటీలూ డేగలూ తినేస్తాయి. ఆ పిల్ల శవం ఇంకా పూర్తిగా బిగుసుకోలేదు. రొమ్ము తెరిస్తే ఊపిరితిత్తుల వెనకభాగం గులాబీ రంగులో, నొక్కితే స్పాంజిలా మామూలుగానే ఉంది. ముందు తమ్మెలు ముదురు ఊదారంగుకు తిరిగి, గట్టిగా, వేలు పెడితే లొంగకుండా ఉన్నాయి. కోస్తే నాళాల్లోంచి చిక్కటి చీము. ఆ ముక్కను నీళ్ల సీసాలో వేస్తే మునిగిపోయింది. గాలి ఉన్న ఊపిరితిత్తి తేలుతుంది. కళ్యాణదుర్గం ఆసుపత్రి వెనక చెట్టు కింద నేను కోసిన గొర్రెల్లో కూడా ఇదే చూశాను. కానీ అక్కడ అలాంటి గొర్రె మందలో ఒకటో రెండో ఉండేవి. ఇక్కడ ఆ వేసవిలో పుట్టిన పిల్లల లెక్కంతా దాదాపు అలాగే ముగిసింది.

పెద్ద గొర్రెలు మొదటి దెబ్బకు చచ్చిపోవడం ఒక ఎత్తు. కొన్ని మందల్లో పదో వంతు పోతాయి, కొన్నిట్లో మూడొంతులు. అసలు నష్టం తర్వాత. బతికి బయటపడ్డ ఆడగొర్రెల్లో ఎక్కువ కొన్నాళ్లకు పురుగును వదిలించుకుంటాయి. కొన్ని వదిలించుకోలేవు. అవి దగ్గవు, చిక్కిపోవు, ముక్కులో మాత్రం మైకోప్లాస్మా ఏళ్ల తరబడి ఉంటుంది. ఈనిన తర్వాత ఆడగొర్రెలు పిల్లలతో కలిసి ఒకచోట చేరతాయి. పిల్లలన్నీ ఒకదాని మీద ఒకటి పడి ఆడుకుంటాయి, ఒకేచోట గుంపుగా పడుకుంటాయి. అందులో పురుగును మోసే ఒక్క గొర్రె నుంచి ఒక పిల్లకు అంటితే చాలు. కొన్ని మందల్లో పదేళ్లకు పైగా, ఇంకొన్నిట్లో ఇరవై ఏళ్లకు పైగా పిల్లలు ఇలా పోతూనే ఉన్నాయి. ముసలి గొర్రెలు చచ్చిపోతుంటే వాటి స్థానంలోకి వచ్చేవి లేక మంద లోపలి నుంచి ఎండిపోతుంది.

వైద్యం చేయాలనే ఆలోచన ఎవరికైనా వస్తుంది. నాకూ వచ్చింది. కానీ కొండ అంచున తిరిగే గొర్రెకు రోజూ సూది వేయలేం. వేసినా ముక్కులో దాగిన పురుగు పూర్తిగా పోదు. పనిచేసే టీకా ఇప్పటివరకూ లేదు. ఒకవేళ వచ్చినా, హెలికాప్టర్‌లో వెళ్లి ఒక్కో గొర్రెను పట్టి వేయాలి, ఏటా పుట్టే పిల్లలకు మళ్లీ వేయాలి.

చివరికి మిగిలిన మార్గం చాలా కఠినమైనది. మందలోని ఆడగొర్రెలన్నిటినీ పట్టి పరీక్ష చేయడం, మళ్లీ మళ్లీ పరీక్షలో పురుగు ఉన్నట్టు తేలినవాటిని మందలోంచి తీసేయడం. చలికాలంలో హెలికాప్టర్ కొండ చరియ వెంట గొర్రెను తరుముతుంది. తలుపు లేని పక్క నుంచి ఒక మనిషి తుపాకీతో వల పేలుస్తాడు. వల మీద పడగానే మరొకరు దూకి కళ్లకు గంత కట్టి, కాళ్లకు తోలు పట్టీ వేస్తారు. కళ్లు కట్టగానే ఎంత అడవిదైనా నిశ్చలంగా ఉండిపోతుంది. రెండు ముక్కురంధ్రాల్లోకీ పొడుగాటి దూది పుల్ల పోనిచ్చి తిప్పుతారు. రక్తం తీస్తారు, ఒంటి వేడి చూస్తారు. వేడి బాగా పెరిగితే నీళ్లు చల్లుతారు, ఎందుకంటే భయానికే చచ్చిపోయే గొర్రెలున్నాయి. చెవికి నంబరు, మెడకు జీపీఎస్ కాలర్. అన్నీ నిమిషాల్లో అయిపోవాలి. ఒక్కసారి పురుగు కనిపించినంత మాత్రాన తీసేయరు. అప్పుడప్పుడే అంటి, తర్వాత వదిలించుకునేవి ఉంటాయి కదా. మరుసటి పట్టులోనూ అదే గొర్రె, మూడోసారీ అదే గొర్రె అయితే అప్పుడు నిర్ణయం.

పైకి ఏ జబ్బూ లేని, చూలుతో ఉన్న గొర్రెను చంపడం పశువైద్యుడు ఎవడికీ మింగుడుపడదు. దాని మీద నాకూ మొదట్లో మంట పుట్టింది. ఫలితాలు చదివాక ఒప్పుకున్నాను. దక్షిణ డకోటాలోని కస్టర్ స్టేట్ పార్కులో 2004లో నెమ్ము దెబ్బతిన్న మంద ఒకటుంది. అందులో మోసే గొర్రెల్ని గుర్తించి తీసేశారు. పక్కనే ఉన్న రాపిడ్ సిటీ మందలో ఏమీ చేయకుండా పోల్చి చూశారు. తీసేసిన మందలో పిల్లలు బతకడం మొదలైంది, కొన్నాళ్లకు మందలో పురుగు జాడే లేకుండా పోయింది. ఈ పరిశోధన 2020లో వచ్చింది. హెల్స్ కాన్యన్ మందల్లోనూ ఇదే దారిలో వెళ్లి, చాలా ఏళ్ల తర్వాత పిల్లల గుంపుల్ని చూశారు. ఒకటి రెండు గొర్రెల ప్రాణానికి పదేళ్ల పిల్లలు. ఆ తూకంలో నేను పిల్లలవైపే ఉన్నాను.

కానీ పెంపుడు గొర్రె మళ్లీ ముక్కు తగిలిస్తే ఈ పనంతా బూడిదలో పోసినట్టే. అందుకే గొడవంతా ఎడం పాటించడం దగ్గరే. పెయెట్ జాతీయ అటవీ ప్రాంతం హెల్స్ కాన్యన్‌కు ఆనుకునే ఉంటుంది. అక్కడ ప్రభుత్వ భూముల్లో తరాల నుంచీ పెంపుడు మందలు మేస్తున్నాయి. 2010లో అటవీ శాఖ ఆ మేతలో దాదాపు డెబ్బై శాతం మూసేయాలని నిర్ణయించింది. ఐడహో ఉన్ని రైతుల సంఘం కోర్టుకెళ్లింది. 2016లో అప్పీళ్ల కోర్టు అటవీ శాఖనే సమర్థించింది. ఆ భూముల మీద బతికిన కొన్ని కుటుంబాలు మందలు అమ్ముకున్నాయి. ఇందులో కాపరిని దుర్మార్గుడిగా చూపించే రాతలు చదివితే నాకు కష్టంగా ఉంటుంది. ఇక్కడ మందల వెంట కొండల్లో నెలల తరబడి ఉండేది చాలామట్టుకు పెరూ దేశం నుంచి వీసా మీద వచ్చిన కూలీ కాపరులు. ఒక చిన్న బండి ఇల్లు, రెండు గుర్రాలు, తెల్లటి పైరినీస్ కుక్కలు, వెయ్యి గొర్రెలు. మా నాయన గొంగడి కప్పుకుని పొలాల్లో మంద కట్టిన రాత్రులు నాకు గుర్తున్నాయి. ఆ మనిషి బతుకు తెరువు పోతుంటే చప్పట్లు కొట్టడం నావల్ల కాదు. అయినా మేత భూమి వేరేచోట చూపించి, నష్టపరిహారం ఇచ్చి మందను జరపొచ్చు. పాడైపోయిన అడవి మందను మళ్లీ తయారుచేయడానికి ముప్పై ఏళ్లు పడుతుంది, అప్పటికీ అవుతుందన్న నమ్మకం లేదు. ఎవరు జరగాలన్న దానికి నా జవాబు అదే. జరిగేవాళ్లకు డబ్బు ఇవ్వడం మాత్రం ప్రభుత్వం బాధ్యత.

పెద్ద మందల కంటే నన్ను ఎక్కువ కలవరపెట్టేది కొండ కింద ఇళ్ల వెనక ఉండే చిన్న మందలు. ఐదు గొర్రెలో, పిల్లలు పెంచుకునే రెండు మేకలో. మేకల్లోనూ ఈ పురుగు ఉంటుంది. సామాన్లు మోయించడానికి మేకల్ని కొండల్లోకి తోలుకెళ్లే షికారీలూ ఉన్నారు, అందుకే కొన్ని చోట్ల వాటి మీద నిషేధం పెట్టారు. నవంబరు వచ్చిందంటే బిగ్‌హార్న్ పొట్టేళ్లు ఎదలో ఉన్న ఆడగొర్రెల కోసం ఇరవై ముప్పై కిలోమీటర్లు కూడా నడుస్తాయి. కుర్ర పొట్టేలుకు కంచె వెనక పెంపుడు ఆడగొర్రె వాసన తగిలితే చాలు. ముక్కు ముక్కు రాసుకోవడం అయిపోతుంది. తర్వాత అది తన మందకే తిరిగి వెళ్తుంది. అలా కలిసిందని తెలిస్తే వన్యప్రాణి శాఖవాళ్లు ఆ పొట్టేలును వెంటనే కాల్చేస్తారు. మందకు చేరకముందే కాల్చాలి. అందుకని కొండ కింద గొర్రెలున్న ప్రతి ఇంటికీ ఒకటే మాట చెబుతారు: పొట్టేలు కనిపిస్తే వెంటనే ఫోన్ చేయండి, గంట ఆలస్యం చేసినా కష్టమే.

వాషింగ్టన్ రాష్ట్రంలో ఇలాంటి చిన్న మందలకు ఉచితంగా ముక్కు పరీక్షలు చేసే ఏర్పాటు ఉంది. ఇది నాకు అన్నింటికంటే తెలివైన పనిగా కనిపిస్తుంది. ఐదు గొర్రెలే కదా, పురుగు ఉన్నవాటిని తీసేసి, లేనివాటితో మంద కట్టుకోవచ్చు. కంచెకు మూడు నాలుగు మీటర్ల ఎడంతో రెండో కంచె వేస్తే ముక్కులు తగలవు. కొండ పక్కన ఇల్లు కట్టుకుని ఏదో ఒక పశువు కావాలనే వాళ్లు గొర్రెల బదులు ఆవునో గుర్రాన్నో పెంచుకుంటే ఇంకా మంచిది. వాటి నుంచి ఈ భయం లేదు.

ఈ జబ్బు ఒక లోయకే పరిమితం కాదు. 2013 మే నెలలో కాలిఫోర్నియాలోని మొహావీ ఎడారిలో ఓల్డ్ డాడ్ శిఖరం దగ్గర మొదలై ఎడారి బిగ్‌హార్న్‌లను పదుల సంఖ్యలో చంపింది. అదే ఏడు వాషింగ్టన్‌లో టైటన్ మంద కూలిపోతే, పక్క మందలకు పాకకుండా మిగిలినవాటిని శాఖవాళ్లే కాల్చి మందను మొత్తం తుడిచేశారు. అలాస్కాలో తెల్లటి డాల్ గొర్రెలున్నాయి. 2018లో వాటిలోనూ మైకోప్లాస్మా ఓవిన్యుమోనియే జాడ కనిపించిందని ప్రకటించారు. అదృష్టవశాత్తూ ఇక్కడిలా మందలు కూలలేదు. కానీ ఈ పురుగులో ఎన్నో రకాలున్నాయి. ఒక రకాన్ని తట్టుకున్న మంద, వేరే మంద నుంచి కొత్త రకం వస్తే మళ్లీ కూలడం హెల్స్ కాన్యన్‌లోనే చూశారు. అలాస్కాలో పెంపుడు గొర్రెలు ఇప్పటికింకా తక్కువే. బయటి నుంచి తెచ్చే ప్రతి గొర్రెకూ, ప్రతి మేకకూ పరీక్ష తప్పనిసరి చేయడానికి, కొండలకు దగ్గరలో కొత్త దొడ్లు రాకుండా చూడటానికి అక్కడ ఇప్పుడే వీలుంది. ఆ పని ఇప్పుడే చేయాలని నా గట్టి అభిప్రాయం.

మొన్న మా అన్న కొడుకు మళ్లీ ఫోన్ చేశాడు. సంతలో పదిహేను జీవాలు కొన్నాడట. వాటిని మందలో కలపకుండా మూడు వారాలు వేరే దొడ్డిలో ఉంచుతానన్నాడు. పారుడు రోగం ఇంకా రాలేదు గానీ సూది వేయించానని, నట్టల మందు కూడా తాగించానని చెప్పాడు. దగ్గేది ఒకటుందట. దాన్ని ఇంకా దూరంగా, చింతచెట్టు దగ్గర కట్టేశాడట.